పుట యొకటి, లిపులు మూడు

అక్షరము కంటికి సంబంధించిన వస్తువు. ఆకాశవాణి చెవికి సంబంధించిన సాధనము. కంటితో చూడవలసినదానిని గూర్చి చెవికి చెప్పబూనుట సాహసమే. ఐనను మన విద్య చిరకాలము చెవిమీదుగానే నడచినది గదా! కావున నేను చెప్పబోవు అక్షరములను శ్రోతలు మనసులో వ్రాసికొనుచు వినవలెనని ప్రార్థించుచున్నాను.

నేడు పుస్తకములు, శుభలేఖలు, గోడపత్రికలు, దుకాణపు పలకలు, తుదకు శిలాఫలకములు సైతము మొదట కంప్యూటరు తెరమీదనే రూపొందుచున్నవి. అందు తెలుగును, సంస్కృతమును, ఇంగ్లీషును ఒక్క పుటపై కూర్చవలసివచ్చినప్పుడు కలుగు చిక్కు లెట్టివి, వానిని దాటు మార్గమేమి అనునది నేటి ప్రసంగ విషయము. నేను యంత్రవిద్యలో ఆరితేరినవాడను కాను. బడిలో వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను. ఒక చేదు అనుభవమువలన ఈ విషయమును నేర్చుకొనక తప్పినది కాదు. ముందుగా ఆ యనుభవమును మనవి చేసెదను.

2019వ సంవత్సరము మా గురువుగారి శతజయంతి. వారు చదువు చెప్పిన బడి యావరణములో ఒక నల్లరాతి ఫలకమును నిలుపవలెనని పూర్వవిద్యార్థులము నిశ్చయించి, చందాలు పోగుచేసితిమి. పైన దేవనాగరిలో సంస్కృతమున ఒక వందన వాక్యము, నడుమ తెలుగున గురువుగారి పేరు, క్రింద ఇంగ్లీషున అదే పేరును, జీవితకాలమును ఉండవలెనని ఏర్పాటు. ఇంగ్లీషు ఎందుకనగా, గురువుగారి మునిమనుమలు అమెరికాలో పెరుగుచున్నారు; వారికి తెలుగు మాట వచ్చునుగాని తెలుగు లిపి రాదు. వారును వచ్చి తమ ముత్తాత పేరును చదువుకొనవలెను గదా!

పాఠమును నేనే సిద్ధము చేసితిని. ఫలకమును గీయు యువకుడు దానిని ఫోనునకు పంపుమనెను, పంపితిని. "ఒకసారి సరిచూడండి మాస్టారూ" అని అతడు అదే పాఠమును తిరిగి పంపెను. కళ్లజోడు తుడుచుకొని రెండు మారులు చదివి, తప్పు లేదని జవాబిచ్చితిని. పది దినములకు రాయి వచ్చినది. ముసుగు తీసి చూచునప్పటికి నాకు కాళ్లు ఆడలేదు. 'శాస్త్రి' అను శబ్దము 'శాస్‌త్‌రి' యై మూడు ముక్కలుగా పడియున్నది. పైనున్న సంస్కృత వాక్యములో వకారమునకు ఎడమవైపున నిలువవలసిన హ్రస్వ ఇకార చిహ్నము కుడివైపునకు జారి, పొరుగున నున్న దకారమును అంటుకొన్నది. ఇంగ్లీషు మాత్రము చక్కగా నున్నది.

గురువుగారి పెద్దకుమార్తె నాకంటె పెద్దది, మాకందరకు అక్కయ్యగారు. ఆమెకు చూపు మందగించినది. చేతితో అక్షరములను తడుముచు వచ్చి, పేరు చివర ఆగిపోయెను. "మా నాన్నగారు పిల్లలకు ఒత్తులు నేర్పుతూ బ్రతికారు. ఆయన పేరులోనే ఒత్తులు ఊడిపోయాయి నాయనా" అని మాత్రము అనెను. కోపముతో అనలేదు. కోపపడినను ఇంత బాధ కలిగియుండదు.

ఆ యువకుని దూషించుట సులభము. కాని నే నామోదించినది ఏమి? ఫోనులో కనబడిన పాఠమును. రాతికి ఎక్కినది ఏమి? వేరొక సాఫ్ట్‌వేరులో గీయబడిన బొమ్మ. ఫోనులో అక్షరములు కలిసియున్నవి, బొమ్మలో విడిపోయినవి. ఆ బొమ్మను చూపుమని నేను అడుగలేదు. చూపవలెనని అతనికి తోచలేదు. తప్పులో సగపాలు నాది. ఆ సగపాలు తీర్చుకొనుటకై అతని దుకాణములో ఒక వారము కూర్చుండి, ఇట్లేల జరిగెనో కనుగొంటిని.

కంప్యూటరు మన యక్షరమును బొమ్మగా దాచుకొనదు, సంఖ్యగా దాచుకొనును. ప్రపంచమందలి లిపులకు వర్ణమునకొక సంఖ్య చొప్పున కేటాయించిన పద్ధతికి యూనికోడు అని పేరు. దాని మొదటి కూర్పు 1991లో వెలువడినది. అందు తెలుగునకు 128 గదులుగల యొక వరుస కలదు. వర్ణములను పలుకు క్రమమున దాచుట దీని నియమము. 'శాస్త్రి' అను మాటనే తీసికొందము. కంటికి కనబడునవి రెండే అక్షరములు. యంత్రము దాచునవి ఎనిమిది సంఖ్యలు: శకారము, దీర్ఘము, సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడి. చెవికి ఇకారము అన్నిటికంటె కడపట వినబడును. కంటికి దాని గుడి మొదటి హల్లైన సకారము తలమీద కనబడును. తకార రేఫములు ఒత్తులై క్రిందికి దిగును. అనగా దాచిన క్రమము వేరు, చూపవలసిన రూపము వేరు.

వేదాధ్యయనము చేసినవారికి ఇది క్రొత్త కాదు. పదపాఠమున మాటలు విడివిడిగా నుండును. సంహితయందు అవియే సంధి పొంది కలిసియుండును. యూనికోడు దాచునది పదపాఠము వంటిది. పుటపై మనకు కావలసినది సంహిత. ఈ రెంటి నడుమ సంధికార్యము చేయుటకు రెండు వస్తువులు కావలెను. మొదటిది సూత్రములు: ఏ హల్లు దేనితో కలిసిన ఏ రూపము వచ్చునో తెలుపు నియమములు. ఇవి ఫాంటులో నిక్షేపింపబడియుండును. రెండవది ఆ సూత్రములను ప్రయోగించు వైయాకరణుడు. ఇతడు సాఫ్ట్‌వేరులో నుండును. సూత్రములుండి ప్రయోక్త లేకున్నను, ప్రయోక్త యుండి సూత్రములు లేకున్నను, మాట ముక్కలగును. మా ఫలకమునకు వాడిన ఫాంటు మంచిదే. సాఫ్ట్‌వేరు మాత్రము ఏనాటిదో పాత కూర్పు. అందు ఇంగ్లీషు తెలిసిన ప్రయోక్తయే కలడు, మన లిపులు తెలిసినవాడు లేడు. అందుచేతనే ఇంగ్లీషునకు హాని కలుగలేదు. ఇంగ్లీషు అక్షరములు పలుకు వరుసనే ప్రక్కప్రక్కన కూర్చుండును. వానికి ఇంత సంధికార్యము అక్కరలేదు.

ఈ బాధ కంప్యూటరుతో పుట్టినది కాదు. 1746, 1747 ప్రాంతమున బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు జర్మనీ దేశమందలి హాలె పట్టణమున తెలుగు పుస్తకములను అచ్చు వేయించినాడు. తెలుగు ముద్రణకు అది తొలిదశ. 1852లో మదరాసున వెలువడిన బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువున పంక్తిపంక్తికిని రెండు లిపులు కలిసి నడచును. 1854లో స్థాపితమైన వావిళ్లవారు సంస్కృత గ్రంథములను తెలుగు లిపిలో అచ్చొత్తి ఇంటింటికి చేర్చిరి. ఆ కాలమున సీసపు దిమ్మలను ఏరి, ఒత్తును క్రింద అమర్చిన కంపోజిటరే ప్రయోక్త. అతనికి అక్షరజ్ఞానము వ్రేళ్లలో నుండెడిది. నేడు ఆ జ్ఞానమును యంత్రమున కప్పగించితిమి; అప్పగించినామను సంగతిని మరచితిమి.

సీసపు అక్షరములకును యూనికోడునకును నడుమ మరియొక యుగము నడచినది. 1985లో పేజిమేకరు అను సాఫ్ట్‌వేరు పుట్టినది. 2001లో వచ్చిన ఏడవ కూర్పే దానికి కడపటిది. అందు తెలుగు తెలిసిన ప్రయోక్త లేడు. కావున మన ఫాంట్లను చేసినవారు ఒక ఉపాయము పన్నిరి. ఇంగ్లీషు అక్షరముల గదులలో తెలుగు తలకట్లను, గుడులను, ఒత్తులను కూర్చుండబెట్టిరి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును. ఫాంటు మార్చినంతనే వేషము తొలగి అర్థములేని ఇంగ్లీషు గుర్తులు బయటపడును. ఆ యుపాయము లేకున్న ఎన్నియో తెలుగు పుస్తకములు వెలువడియుండవు. కావున దానిని నిందింపను. కాని ఆ పాఠములను నేడు యూనికోడునకు మార్చునప్పుడు మార్పిడి సాధనమును నమ్మి ఊరకుండరాదు. మార్చిన పాఠమును మూలముతో అక్షరమక్షరము ఒరసి చూడవలెను.

ఇక చేయవలసిన పనులు. మొదటిది, ప్రయోక్తను ఎన్నుకొనుట. ఇన్‌డిజైన్ అను సాఫ్ట్‌వేరులో 2012లో వచ్చిన సి.ఎస్. 6 కూర్పునుండి తెలుగుతోకూడ పది భారతీయ భాషలకు ఏర్పాటు కలదు. పారాగ్రాఫు పట్టికలో 'వరల్డ్ రెడీ కంపోజర్' అను దానిని ఎన్నుకొనవలెను. ఇల్లస్ట్రేటరునందును, ఫోటోషాపునందును ఇట్టి యేర్పాటే పేరు మార్పుతో కలదు. ఒక సూక్ష్మమున్నది: ఈ యెన్నిక పుస్తకమంతటికిని ఒక్కమారు చేసిన చాలదు, అది పారాగ్రాఫు పారాగ్రాఫునకును అంటియుండు గుణము. పాత ఫైలునుండి తెచ్చి అతికించిన పారాగ్రాఫు తన పాత కంపోజరును వెంటబెట్టుకొని రావచ్చును. అందుచే పుస్తకము తలపెట్టిన దినముననే మూలము, తాత్పర్యము, ఇంగ్లీషు అనువాదము అనువానికి వేర్వేరు పారాగ్రాఫు శైలులను కల్పించి, కంపోజరును ఆ శైలిలోనే నిర్ణయించుట మేలు.

ధనము వెచ్చింపలేనివారికి ఉచిత సాఫ్ట్‌వేరులును కలవు. బొమ్మలకు ఇంక్‌స్కేప్, పుటలకు స్క్రైబస్. 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6 కూర్పులో మన సంయుక్తాక్షరములు చక్కగా కూడుచున్నవి. దీనికి ఆధారమైన ప్రయోక్తకు హర్ఫ్‌బజ్ అని పేరు. హర్ఫ్ అనగా అక్షరమని ఉర్దూ తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

రెండవది, ఏ లిపికి ఆ ఫాంటు. తెలుగు ఫాంటులో దేవనాగరి యుండకపోవచ్చును. లేని యక్షరమునకు సాఫ్ట్‌వేరు ఖాళీ పెట్టెను చూపును. ఇన్‌డిజైన్ దానిని గులాబిరంగుతో ఎత్తిచూపును. సంస్కృతమును రోమను లిపిలో వ్రాయునప్పుడు దీర్ఘమునకు పైగీతయు, మూర్ధన్యమునకు క్రిందిచుక్కయు కావలెను. ఇవి అన్ని ఇంగ్లీషు ఫాంట్లలో నుండవు. శ్లోకము చివర వేయు నిలువుగీతల సంగతి మరియు వింత. యూనికోడున వానికి తెలుగు వరుసలో చోటు లేదు. దేవనాగరి వరుసలోని గీతలనే భారతీయ లిపులు ఉమ్మడిగా వాడుకొనవలెను. తెలుగు ఫాంటులో అవి లేకున్న తెలుగు శ్లోకము చివర పెట్టె కనబడును. పద్యమంతయు సరిచూచి చివరి గీతను చూడక వదలినవారు అనేకులు.

పుటపై ఇంగ్లీషు మాటలు నడుమనడుమ వచ్చునెడల ఒక్కొక్కదానిని చేతితో మార్చుచు పోయిన ఏదో యొకటి తప్పిపోవును. ఇన్‌డిజైనులో గ్రెప్ శైలి అను సౌకర్యము కలదు. రోమను అక్షరము వచ్చిన చోటనెల్ల ఈ ఫాంటు, ఈ పరిమాణము వేయుమని ఒక్కమారు ఆజ్ఞాపించిన చాలును. పరిమాణమును గూర్చి ఒక మాట. పన్నెండు పాయింట్లని పేరే కాని, మూడు లిపులలో పన్నెండు ఒక్కటిగా కనబడవు. ఏది పెద్దదిగా తోచునో దానిని అరపాయింటు చొప్పున తగ్గించి, మూడును ఒక్క గొంతుతో పలుకునట్లు చేయవలెను. దీనికి కన్నే ప్రమాణము.

మూడవది, పంక్తుల దూరము. సాఫ్ట్‌వేరు తనంతట తాను అక్షర పరిమాణమునకు నూటికి నూటయిరువది పాళ్లు దూరమిచ్చును. ఇంగ్లీషునకు అది సరిపోవును. తెలుగున పైన గుడి, క్రింద రెండు ఒత్తులు. పైపంక్తి ఒత్తు క్రిందిపంక్తి గుడిని పొడుచును. పన్నెండు పాయింట్ల తెలుగునకు పదునెనిమిది పాయింట్ల దూరమిచ్చి చూడుడు. పుట ఊపిరి పీల్చుకొనును. అక్షరముల నడుమ ఎడము పెంచుట మాత్రము మన లిపులకు తగదు. దేవనాగరి తలగీత తెగిపోవును. తెలుగు ఒత్తు తన హల్లునకు దూరమగును.

నాలుగవది, భాషను చెప్పుట. ప్రతి పాఠభాగమునకును ఇది తెలుగు, ఇది సంస్కృతము, ఇది ఇంగ్లీషు అని గుర్తు పెట్టవలెను. లేనియెడల పంక్తి చివర మాటను విరుచునప్పుడు యంత్రము ఒక భాష నియమమును మరియొక భాషకు పట్టించును. పూర్వ ముద్రణములలో తెలుగు మాట పంక్తి చివర ఏ యక్షరమువద్ద నైనను విరిగెడిది. అక్షరము మాత్రము విరిగెడిది కాదు. నేటికిని అదియే ధర్మము.

ఐదవది, కంటికి కనబడని వర్ణములు. 'సాఫ్ట్‌వేరు' అని వ్రాయునప్పుడు టకారపు పొల్లు పొల్లుగానే నిలువవలెను. వకారము ఒత్తు కారాదు. దానికై పొల్లు తరువాత, కలపవద్దని చెప్పు అదృశ్య వర్ణ మొకటి వేయుదురు. అది జారిపోయిన 'సాఫ్ట్వేరు' అగును. 'రాజ్‌కుమార్' 'రాజ్కుమార్' అగును. పాఠమును ఒకచోటినుండి మరియొకచోటికి తరలించునప్పుడు ఇట్టివి జారుట కలదు. దీనికి విరుద్ధముగా కలుపుమని చెప్పు అదృశ్య వర్ణమును కలదు. పాత పుస్తకములలో రేఫమునకు వాడిన వలపలగిలకను తెచ్చుటకు రేఫము, పొల్లు, దాని వెనుక ఈ వర్ణము వేయవలెను. ఫాంటులోను ఆ రూపముండవలెను. కొందరు గిలకకు బదులు తెలుగు తొమ్మిది అంకెను వేసి, 'ధమ౯ము' అని సరిపుచ్చుదురు. కంటికి చెల్లును; కాని పుస్తకములో ధర్మమును వెదకినవానికి యంత్రము ధర్మము లేదని చెప్పును!

నావంటి పాతవారికి సంతోషము కలిగించు మాట యొకటి. సంస్కృతమును తెలుగు లిపిలో వ్రాయునప్పుడు కావలసిన అవగ్రహ చిహ్నమునకును, దంత్యములైన ౘ, ౙ లకును యూనికోడున 2008వరకు తెలుగు వరుసలో చోటు లేదు. ఆ యేట వచ్చిన 5.1 కూర్పులో లభించినది. అరసున్నకును, బండిఱకును మొదటినుండియు చోటు కలదు. కావున ప్రాచీన గ్రంథమును యథాతథముగా అచ్చు వేయలేమను సాకు ఇక చెల్లదు.

ఉర్దూను గూర్చి చెప్పకున్న ఈ ప్రసంగము కొరవడును. తెలంగాణములో ఉర్దూ రెండవ అధికారభాష. హైదరాబాదు వీథులలో పలకమీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి కనబడును. ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును. దానిలోని అంకెలు మాత్రము ఎడమనుండి కుడికి నడచును. ఒక్క అక్షరమే మాట మొదట ఒక రూపము, నడుమ ఒక రూపము, చివర ఒక రూపము ధరించును. తగిన కంపోజరు లేనిచో అక్షరములు చేతులు విడిచి, మాట తలక్రిందులగును. ఆ భాష రానివానికి అది తప్పని తోచనైన తోచదు. కావున నేను చేతులు జోడించి చెప్పు నియమ మిది: ఏ లిపి పుటపై నున్నదో, ఆ లిపి చదువగలవాడు ఒక్కడైనను తుది ప్రతిని చూచితీరవలెను. మన పేరు మనకెంతయో, వారి పేరు వారికంతయే.

తుది ప్రతి యనగా ఏది? రాతికిగాని యంత్రమునకుగాని పంపు ఫైలే తుది ప్రతి. ఫాంటు లేని మరియొక కంప్యూటరులో అక్షరములు మారిపోకుండుటకై వానిని గీతలుగా మార్చి పంపుట మంచిది. గీతలైన పిమ్మట అది పాఠము కాదు, బొమ్మ. అందు తప్పు దిద్దుట సాధ్యము కాదు. కావున దిద్దదగిన మూలప్రతిని వేరుగా దాచుకొనవలెను. గీతలుగా మార్చిన ప్రతిని కాగితముపై అచ్చొత్తి, వ్రేలు పెట్టి చదువవలెను.

మా ఫలకము సంగతి ముగించెదను. ఆ యువకుడు క్రొత్త సాఫ్ట్‌వేరు తెచ్చుకొనెను. రెండవ రాతికి ధనము మరల పోగుచేసితిమి. చెక్కిన కూలిని అతడు తీసికొనలేదు, నేను బలవంతము చేసినను. ఈ సారి కాగితపు ప్రతిని ముగ్గురము చూచితిమి: సంస్కృతమును నేను, ఇంగ్లీషును అమెరికానుండి మునిమనుమరాలు, తెలుగును అక్కయ్యగారు. ఆమె కొరకు పేరును అరచేయి యంత అక్షరములతో అచ్చొత్తించితిమి. మొదటి రాయి ఇప్పటికిని బడి వెనుక గోడకు ఆనించి యున్నది. దానిని పగులగొట్టింతుమని కొందరనిరి, నేను వలదంటిని. ఇప్పుడు ఆ బడి పిల్లలు కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. మాష్టరుగారు మొదటి పాఠమునకు వారిని ఆ రాతివద్దకు తీసికొనిపోయి, "ఇందులో ఏం తప్పిందో చెప్పండి" అని అడుగుచున్నారు. మా గురువుగారు చనిపోయిన పిదపను ఒత్తులు నేర్పుచునే యున్నారు.